ఇంటర్ బైపీసీ తర్వాత వ్యాయామ శాస్త్రం డిగ్రీ: మా బిడ్డను పంపవచ్చునా?

ప్రశ్న (హన్మకొండ తండ్రి):

సభ్యులందరికీ నమస్కారం. మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నది. ఏడో తరగతి నుండి హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో, అంటే 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన చోటనే, నాలుగు వందల మీటర్ల పరుగు సాధన చేస్తున్నది. జిల్లా స్థాయి దాటలేదు. దాటుతానన్న భ్రమ ఆమెకూ లేదు, మాకూ లేదు. అయితే పర్వతగిరి మండలం కల్లెడ నుండి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం నాలుగు వందల మీటర్లను 55.82 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చిన రోజు నుండి, పతకం కంటే ఆ పరుగు వెనుక ఉన్న శిక్షణ గురించే ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నది. ఇప్పుడు కైనెసియాలజీ చదువుతానంటున్నది. కొన్ని కళాశాలలు దీన్నే ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటున్నాయి, మరికొన్ని స్పోర్ట్స్ సైన్స్ అంటున్నాయి. మా బావగారు మాత్రం "పీఈటీ సారు కావడానికి అంత దూరం పోవాలా, ఇక్కడే ఫిజియోథెరపీలో చేర్పించు" అంటున్నారు. ఈ డిగ్రీలో నిజంగా ఏమి నేర్పుతారో, చదివినవారు ఏమి చేస్తున్నారో తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు 1 (నర్సంపేట వాసి, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో ఎమ్మెస్సీ):

అయ్యా, మీ బావగారి వంటి మాటలు మా ఇంట్లో కూడా విన్నాను, కాబట్టి ముందు ఆ ముడి విప్పుతాను. పీఈటీ ఉద్యోగానికి దారి డీపీఈడీ, బీపీఈడీ అనే వ్యాయామ విద్య కోర్సులది. పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, మైదానంలో పరుగు, దూకుడు పరీక్షలు నెగ్గి చేరాలి, అవి బోధనకు సంబంధించిన చదువులు. ఫిజియోథెరపీ వైద్యానికి సంబంధించినది. మీ బిడ్డ అడుగుతున్నది ఈ రెండూ కాదు, కదిలే శరీరాన్ని కొలిచే శాస్త్రం. కైనెసియాలజీ అన్నా, ఎక్సర్‌సైజ్ సైన్స్ అన్నా, స్పోర్ట్స్ సైన్స్ అన్నా సిలబస్‌లో ఎక్కువ భాగం ఒకటే. పేరు చూసి కాక సబ్జెక్టుల పట్టిక చూసి ఎంచుకోవడం మేలు.

మొదటి ఏడాది అనాటమీతో మొదలవుతుంది. ఎముకల పేర్లు, కండరాల పేర్లు బైపీసీ పిల్లలకు కష్టం కాదు, కానీ ఇక్కడ పేరుతో పని ముగియదు. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్‌నే తీసుకోండి. అందులో ప్రధాన భాగాలు తుంటి కీలునూ మోకాలినీ రెండింటినీ దాటిపోతాయి. పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు విసిరి, పాదం నేలను తాకబోయే ముందు క్షణంలో ఆ కండరం ఒకవైపు సాగుతూనే మరోవైపు బిగుసుకుని, ఊగివస్తున్న పిక్కను ఆపవలసి వస్తుంది. వేగపు పరుగులో ఈ కండరం పట్టేయడం, చిరగడం ఎక్కువగా ఆ క్షణంలోనే జరుగుతుంది. మన గ్రౌండ్లలో "వార్మప్ చేయలేదు, అందుకే పట్టేసింది" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. తరగతిలో అదే విషయంపై మాకు రెండు వారాలు పట్టింది.

తర్వాత వచ్చేది బయోమెకానిక్స్, అంటే శరీర కదలికలకు భౌతికశాస్త్రపు లెక్కలు. బైపీసీ వారు తడబడేది ఇక్కడే, ఎందుకంటే బలాలను, కోణాలను విడదీయడానికి త్రికోణమితి, వెక్టార్లు కావాలి. మా బ్యాచ్‌లో మంచి మార్కులతో వచ్చిన వారు సైతం, పాదం నేలను నెట్టే బలాన్ని కొలిచే ఫోర్స్ ప్లేట్ మీద ఒక్క గెంతును లెక్కగట్టలేక మొదటి సెమిస్టర్ అంతా నలిగిపోయారు. నేనూ వారిలో ఒకడినే. పదో తరగతితో లెక్కలను వదిలేసిన మీ బిడ్డ ఈ వేసవిలోనే వాటిని మళ్లీ పట్టుకుంటే మంచిది.

నాకు బాగా నచ్చినది మాత్రం ఫిజియాలజీ ల్యాబ్. ట్రెడ్‌మిల్ మీద ఒకరిని ఎక్కించి, ముఖానికి మాస్క్ బిగించి, పీల్చే ఆక్సిజన్‌ను, వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తూ మూడు నిమిషాలకోసారి వేగం పెంచుతాం. ప్రతి మెట్టు దగ్గర చెవి తమ్మె నుండి ఒక రక్తపు చుక్క తీసి, శ్రమ పెరిగేకొద్దీ రక్తంలో పెరిగే లాక్టేట్ అనే పదార్థం ఎంత ఉందో చూస్తాం, ఎంత కష్టంగా ఉందో 6 నుండి 20 మధ్య ఒక అంకె చూపమంటాం. మాట్లాడలేరు కాబట్టి వేలితోనే చూపిస్తారు. ఆ అంకెలు 6 దగ్గర ఎందుకు మొదలవుతాయని నేనూ మొదట నవ్వాను. పదితో గుణిస్తే ఆరోగ్యవంతుడైన యువకుడి గుండె వేగానికి దాదాపు సరిపోయేలా స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ దాన్ని రూపొందించాడు. ఇదే ల్యాబ్‌లో నాకు పోయిన మూఢనమ్మకం ఒకటుంది. 220 నుండి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని జిమ్ముల గోడల మీద రాసి ఉంటుంది కదా, అది సగటు అంచనా మాత్రమే. ఒక్కొక్కరి విషయంలో పది, పన్నెండు అటూ ఇటూ పోవడం మామూలే.

ఉద్యోగాల విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. క్రీడా అకాడమీలు, వృత్తి జట్లు, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు ఫిజియాలజిస్టులను, బయోమెకానిక్స్ నిపుణులను, స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ శిక్షకులను తీసుకుంటాయి గానీ, స్థానాలు తక్కువ, చాలావరకు కాంట్రాక్టు మీదనే. డిగ్రీతో ఆగితే జిమ్ము స్థాయి ఉద్యోగమే దొరకవచ్చు. పీజీ తప్పదనుకునే బయలుదేరాలి.

జవాబు 2 (హన్మకొండ ఫిజియో):

నమస్కారం అన్నగారూ. పై సభ్యులు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉన్నది. మన దేశంలో ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ చదివినవారు రోగికి ఫిజియోథెరపీ చేయకూడదు. ఫిజియోథెరపీ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కింద గుర్తింపు పొందిన వృత్తి, దానికి బీపీటీ చదవాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కైనెసియాలజిస్టు కూడా రిజిస్ట్రేషన్ ఉన్న ఆరోగ్య వృత్తే. అమెరికాలో చాలామంది ఈ డిగ్రీ చేసి ఆపైన ఫిజియోథెరపీలో డాక్టరేట్‌కు వెళ్తారు. ఆ దేశాల వీడియోలు చూసి ఇక్కడి కోర్సులో చేరిన పిల్లలు నా దగ్గరకు వచ్చి "మేడమ్, మేము క్లినిక్ పెట్టుకోవచ్చా" అని అడిగినప్పుడు కాదని చెప్పడం నాకు బాధగా ఉంటుంది.

మీ అమ్మాయికి గాయపడినవారి పక్కన కూర్చోవాలని ఉంటే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూసి బీపీటీలో చేర్పించండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లుగా నడిచిన ఆ కోర్సు పాఠ్యప్రణాళిక, ప్రవేశ నిబంధనలు ఈ మధ్య మారుతున్నందున పాత సీనియర్ల మాట నమ్మవద్దు. బీపీటీ తర్వాత స్పోర్ట్స్‌లో ఎంపీటీకి గానీ, వ్యాయామ శాస్త్రం పీజీకి గానీ వెళ్లే దారి తెరిచే ఉంటుంది. అటు నుండి ఇటు మాత్రం రాలేరు, మళ్లీ మొదటి నుండి చదవవలసిందే.

జవాబు 3 (కరీంనగర్ నుండి ఒక పూర్వ విద్యార్థి):

కళాశాల విషయంలో నా అనుభవం చెబుతాను. పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు కళాశాల బ్రోచరులో ఫోర్స్ ప్లేటు, ఊపిరిలోని వాయువులను కొలిచే గ్యాస్ ఎనలైజర్, కండరాల విద్యుత్ సంకేతాలను చూపే ఈఎంజీ అన్నీ రంగు ఫోటోలతో అచ్చువేసింది. మూడేళ్లలో ఆ గది తాళం మేము తీయించగలిగింది రెండుసార్లే, అది కూడా తనిఖీ బృందం వచ్చిన వారంలో. కండరం నుండి వచ్చే విద్యుత్ సంకేతం ఎలా ఉంటుందో నేను పీజీలో చేరాకనే కళ్లారా చూశాను. కనుక ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపమనండి, వారంలో ఎన్ని గంటలు ప్రాక్టికల్స్ ఉంటాయో రెండో సంవత్సరం పిల్లలను నేరుగా అడగండి. చెన్నై శ్రీరామచంద్రలో స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ ఉన్నది, మణిపాల్‌లో పీజీ ఉన్నది. శిక్షకురాలు కావాలనుకుంటే 2018 నాటి చట్టంతో మణిపూర్‌లో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయాన్ని కూడా చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మా బిడ్డకు వైద్యం వైపు కంటే కొలతల వైపే మనసున్నదని మీ జవాబులు చదివి వినిపించినప్పుడు తెలిసింది. చేరకముందే ఆ ఆసక్తి నిలిచేదా, పోయేదా అని పరీక్షించే మార్గం ఏదైనా ఉన్నదా?

నర్సంపేట వాసి:

ఖర్చు లేని మార్గం ఒకటున్నది. మీ ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీస్తుందేమో చూడండి. వేగంగా పరుగెత్తేవారి పాదం నేల మీద ఉండేది దాదాపు సెకనులో పదో వంతు. మామూలు 30 ఫ్రేముల వీడియోలో అది మూడు బొమ్మలలో అయిపోతుంది, 240లో ఇరవై నాలుగు వరకు వస్తాయి. ట్రాక్ పక్కన మోకాలి ఎత్తులో ఫోన్‌ను కదలకుండా నిలిపి, మొదటి వంద మీటర్లలో ఒకసారి, చివరి యాభై మీటర్లలో ఒకసారి తీయండి. పాదం తాకిన ఫ్రేము నుండి విడిచిన ఫ్రేము వరకు లెక్కపెట్టి 240తో భాగించమనండి. ఎండ ఎక్కకముందే వెళ్లండి. వేడిలో రక్తం చర్మం వైపు మళ్లి, చెమటతో నీరు పోయి, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది కాబట్టి పోలిక చెడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఆదివారం ఉదయం ఆరింటికి స్టేడియానికి వెళ్లి మీరు చెప్పినట్లే తీశాము. మొదట 29 ఫ్రేములు, చివరలో 34 వచ్చాయి, అంటే 0.121 సెకన్ల నుండి 0.142కు పెరిగింది. నేను ఒకసారి లెక్కపెట్టి వదిలేశాను, ఆమె ఆరుసార్లు లెక్కపెట్టింది. ఆ ఐదు ఫ్రేములు తొడ అలసట వల్ల పెరిగాయా, మడమ ముందుగా వాలడం వల్ల పెరిగాయా అని తేల్చుకోవడానికి మోకాలి కోణం కొలవాలంటూ, పక్కింటి ఎంపీసీ పిల్లవాడి త్రికోణమితి పుస్తకం తెచ్చుకున్నది. నేను రెండు కళాశాలలకు ల్యాబ్ చూపమని ఉత్తరం రాశాను. ఇప్పటికి ఒక్కరే రమ్మన్నారు.