పాత స్మార్ట్ ట్రైనర్ పోయింది, దాని బదులు ఏది తీసుకోవాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి

వంశధార_రైడర్, శ్రీకాకుళం

ఏటి గురువులూ, ఒక సలహా కావాలి. నాది ఇంట్లోనే సైకిల్ బిగించి, వెనక చక్రాన్ని రోలర్ మీద ఆనించి తొక్కే రకం స్మార్ట్ ట్రైనర్, కంపెనీ పేరు ఇక్కడెందుకులెండి. కొంతకాలంగా రోలర్ బేరింగ్ కీచుమంటోంది. దానికితోడు మొన్న వానల్లో కరెంటు వస్తూ పోతూ ఆటాడిన రాత్రి తర్వాత ఈఆర్‌జీ మోడ్‌లో (మనం పెట్టిన వాట్లకి తగ్గట్టు పెడల్ బరువు తనే సర్దుకునే పద్ధతి) రెసిస్టెన్స్ ఒక్కచోటే పట్టేసి ఉండిపోతోంది. 150 వాట్లు పెట్టినా అదే బరువు, 220 పెట్టినా అదే బరువు. మెయిల్ పెడితే వారంటీ అయిపోయింది, ఆ మోడల్‌కి స్పేర్లు రావట్లేదు, కొత్తది చూసుకోండి అన్నారు.

పైడిభీమవరంలో షిఫ్టుల ఉద్యోగం నాది. డ్యూటీ దిగొచ్చాక హైవే మీద లారీల మధ్య తొక్కడానికి ఓపికా లేదు, ధైర్యమూ లేదు. ఆదివారం మాత్రం కళింగపట్నం దాకా వెళ్లొస్తా. వచ్చే సీజన్లో 200 కిలోమీటర్ల బ్రెవె (ఇచ్చిన టైంలోపు పూర్తి చేసే దూరపు సైకిల్ రైడ్) చెయ్యాలి, ఆ తర్వాత ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కాలి, అదీ ప్లాను. నాది 8 స్పీడ్ (అంటే వెనక 8 పళ్లచక్రాలు) హైబ్రిడ్, తమ్ముడిది 7 స్పీడ్ ఎంటీబీ (కొండదారి సైకిల్), ఇద్దరికీ పనికొస్తే మేలు. ఈసారి డైరెక్ట్ డ్రైవే (వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా ట్రైనర్‌కే తగిలించే రకం) అనుకుంటున్నా. వాహూ కికర్ కోర్, టాక్స్ నియో 2టి, ఎలీట్ సూటో... అంకెలు చదివి చదివి బుర్ర వేడెక్కింది. వాడినవాళ్లు కాస్త చెప్పండి.

కోటవీధి, విజయనగరం

కొత్తది సరే, ముందు అడాప్టర్ చూశారా బ్రదర్? కరెంటు ఆటాడిన రాత్రి తర్వాతే మొదలైందంటే నా అనుమానం దాని మీదే. ఏదైనా టీవీ రిపేర్ షాపుకి తీసుకెళ్లి మల్టీమీటర్ పెట్టించండి. ఊరికే పెట్టి చూస్తే సరిగ్గానే చూపిస్తుంది, లోడ్ పడ్డాక వోల్టేజ్ కూలిపోతుంది, అక్కడ దొరుకుతుంది దొంగ. మార్చాల్సి వస్తే దాని మీద రాసిన వోల్ట్‌లు, ఆంపియర్లు, పిన్ ప్లస్ మైనస్ మూడూ కలవాలి. ఆంపియర్లు కాస్త ఎక్కువున్నా పర్లేదు, తక్కువుంటే మాత్రం మళ్లీ ఇదే కథ.

బేరింగ్ పెద్ద విషయం కాదు. రబ్బరు సీలు అంచున నంబర్ అచ్చుగుద్ది ఉంటుంది, 6001 అనో 6000 అనో. ఆ నంబర్ చెప్తే మోటార్ వైండింగ్ షాపుల్లో దొరుకుతుంది, ట్రైనర్ కంపెనీ దాకా వెళ్లక్కర్లేదు.

వంశధార_రైడర్, శ్రీకాకుళం

చూపించానండీ, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తెలిసినాయన ఉన్నాడు. లోడ్ మీద కూడా 12 వోల్ట్‌లు నిక్కచ్చిగా వస్తున్నాయి. విప్పి చూస్తే పెడల్ బరువు పెంచే బ్రేక్ దగ్గర బోర్డు మీద ఒక మూల నల్లగా మాడి ఉంది. ఆ చిప్ బయట దొరకదన్నాడు. కాబట్టి కొత్తదే గతి.

నాగావళి_గట్టు, శ్రీకాకుళం

అయితే వినండి, కొంచెం పెద్దగానే రాస్తా, ఎందుకంటే ఈ అంకెల దగ్గరే మనోళ్లు డబ్బులు తగలేస్తారు. కికర్ కోర్‌కి గరిష్ఠంగా 1800 వాట్లు, 16 శాతం వాలు, వాట్ల కొలతలో తేడా ప్లస్ ఆర్ మైనస్ 2 శాతం అని ఉంటుంది. సూటోకి 1900, 15, 2.5. నియో 2టికి 2200, 25, 1. చదవగానే మూడోదే గొప్ప అనిపిస్తుంది. సరే, మీరు గంటసేపు నిలకడగా తొక్కగలిగేది 200 వాట్లు అనుకుందాం, బ్రెవెకి తయారయ్యే మామూలు మనిషికి అది తక్కువేం కాదు. 200కి 1 శాతం అంటే 2 వాట్లు, 2.5 శాతం అంటే 5 వాట్లు. రాత్రి నిద్ర సరిగా లేకపోతేనే అంతకన్నా తేడా వస్తుంది! 1800 వాట్లు స్ప్రింటర్లు కొన్ని సెకన్లపాటు కొట్టే సంగతి, మనకీ దానికీ సంబంధం లేదు.

వాలు లెక్క ఇంకా తమాషా. జ్విఫ్ట్‌లో (తెర మీద రోడ్డు చూస్తూ తొక్కే యాప్) ట్రైనర్ డిఫికల్టీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మనం ముట్టుకోకపోతే అది సగంలో ఉంటుంది. అంటే తెర మీద 10 శాతం ఎత్తు వస్తే పెడల్ కింద తగిలేది 5 శాతమే. ఇక 25 శాతం దాకా వెళ్లే మిషన్ ఉండి ఏం లాభం? అనంతగిరి ఘాట్ ఆర్టీసీ బస్సులెక్కే రోడ్డు, అక్కడ మీకు కావాల్సింది ఓ మాదిరి ఎత్తుని గంటల తరబడి తొక్కే ఓపిక. అది ఏ ట్రైనరైనా నేర్పుతుంది.

నా ఓటు కోర్‌కి. స్పిన్‌డౌన్ (వేగంగా తొక్కి వదిలేసి, మిషన్ దానంతటదే ఆగేదాకా చూసి రీడింగ్ సరిచేసుకోవడం) మాత్రం మర్చిపోకండి, ఓ 10 నిమిషాలు తొక్కి మిషన్ వేడెక్కాక చెయ్యాలి, చల్లగా ఉన్నప్పుడు చేస్తే రీడింగ్ తప్పుతుంది.

బొబ్బిలి_వీణ, బొబ్బిలి

గట్టు గారు చెప్పినవన్నీ నిజమే కానీ ఒక్కటి వదిలేశారు, కరెంటు. నా దగ్గర నియో 2టి ఉంది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. 2 శాతమా 1 శాతమా అని చూసి కొనలేదు, కరెంటు పోయినా పనిచేస్తుందని కొన్నా. దాంట్లో బెల్ట్ ఉండదు, మనం తొక్కుతుంటే లోపల పుట్టే కరెంటుతోనే బ్రేక్ నడిచిపోతుంది. ప్లగ్గు లేకపోతే పోయేవి చిల్లర సంగతులు: దిగుడులో చక్రాన్ని అదే తోయడం లాంటివి. ఫోన్‌లో బ్లూటూత్ కలుపుకుని మైవూష్ (జ్విఫ్ట్ లాంటిదే ఇంకో యాప్) పెట్టుకుంటే వైఫై పోయినా ఫోన్ డేటా మీద నడిచిపోతుంది, పైగా మైవూష్ ఫ్రీ, జ్విఫ్ట్‌లా నెలనెలా కట్టక్కర్లేదు. స్పిన్‌డౌన్ గొడవ కూడా లేదు.

చెడ్డ సంగతులూ చెప్తా. 21 కిలోల పైమాటే బరువు, రెక్కలు విప్పితే గది సగం అదే. ధర సంగతి మీకు తెలిసిందే.

నాగావళి_గట్టు, శ్రీకాకుళం

మేడమ్, దానికి ఇన్వర్టర్ చాలదా? ట్రైనర్ లాగే కరెంటు ఎంతని, దాని పక్కన తిరిగే ఫ్యానే ఎక్కువ లాగుతుంది.

బొబ్బిలి_వీణ, బొబ్బిలి

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి చాలు, కాదనను. స్క్వేర్ వేవ్ పాతదైతే ఫ్యాన్ గుయ్యిమంటుంది, ట్రైనర్ అడాప్టర్‌ని కూడా దాని మీద నమ్మలేం. సైన్ వేవ్ అయితే నిశ్చింత. ఏ ట్రైనర్ కొన్నా ఒక మంచి స్పైక్ గార్డ్ కొనండి, తొక్కడం అయ్యాక ప్లగ్గు పీకేయండి. వంశధార గారి బోర్డు మాడింది అందుకేనని నా అనుమానం.

పలాస_జీడిపప్పు, పలాస

అందరూ కోర్, నియో అంటున్నారు, నేను ఎదురు మాట్లాడతా. వారానికి రెండు మూడు సార్లు తొక్కే మనిషికి ఇంకో రోలర్ రకం సరిపోదా? కికర్ స్నాప్ లాంటిది సెకండ్ హ్యాండ్ దొరికితే సగం ధరకి పనవుతుంది, ఏ సైకిలైనా ఎక్కించేయొచ్చు, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) తలనొప్పే లేదు. మిగిలిన డబ్బుతో సైకిల్‌కి మంచి టైర్లు వేసుకుని బయట తొక్కండి. బ్రెవె రోడ్డు మీద జరుగుతుంది, గదిలో కాదు.

కోటవీధి, విజయనగరం

జీడిపప్పన్నా, రోలర్‌తో గొడవ మీకు తెలీనిది కాదు. టైర్లో గాలి ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉంటే వాట్లూ అలాగే మారతాయి, టైర్ వేడెక్కితే మళ్లీ మార్పు. రోడ్డు టైర్ పెడితే అరిగి నల్ల పొడి గదంతా. అన్నిటికన్నా ముఖ్యం చప్పుడు. నేను పై పోర్షన్లో అద్దెకుంటా, రోలర్ రకం ఉన్నప్పుడు కింద ఓనర్ ఆంటీ, పొద్దున్నే పిండిమిల్లు పెట్టావా బాబూ అని అడిగేది. డైరెక్ట్ డ్రైవ్‌కి మారి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక అడగడం మానేసింది. చైన్ చప్పుడు తప్ప ఏం లేదు.

పలాస_జీడిపప్పు, పలాస

చప్పుడు విషయంలో ఒప్పుకుంటా. మాది సొంతిల్లు, పక్కన జీడితోట, నాకు వినేవాళ్లు లేరు.

కోటవీధి, విజయనగరం

వంశధార బ్రదర్, మీ అసలు చిక్కు 7 స్పీడ్, 8 స్పీడ్ దగ్గరుంది, ఎవరూ చెప్పట్లేదు. సూటో తొలి రకంతో 11 స్పీడ్ క్యాసెట్ బిగించే ఇచ్చేవారు, మీ రెండు సైకిళ్లకీ అది కుదరదు, విప్పి మార్చాలి. సూటో-టి అయితే క్యాసెట్ లేకుండానే వస్తుంది, మనమే కొనుక్కోవాలి. 8 స్పీడ్ క్యాసెట్‌ని 11 స్పీడ్ బాడీ (ట్రైనర్‌కి క్యాసెట్ తొడిగే భాగం) మీద ఎక్కించాలంటే వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ పడాలి, 7 స్పీడ్‌ది ఎక్కించాలంటే దానికి అదనంగా 4.5 మిల్లీమీటర్లది ఇంకోటి. అవి వెయ్యకుండా లాక్‌రింగ్ (క్యాసెట్ ఊడకుండా పట్టే రింగు) బిగిస్తే క్యాసెట్ టకటకలాడుతుంది, మనం ట్రైనర్ పోయిందనుకుని బెంబేలెత్తుతాం. మీరూ తమ్ముడూ మార్చి మార్చి తొక్కితే ప్రతిసారీ ఈ పని అయ్యేది కాదు.

దీనికి మందు జ్విఫ్ట్ కాగ్. వెనక ఒకే పళ్లచక్రం, 14 పళ్లు, 8 నుంచి 12 స్పీడ్ దాకా చైన్లు నడుస్తాయి. హ్యాండిల్ మీద పెట్టుకునే చిన్న బటన్ నొక్కితే ట్రైనరే పెడల్ బరువు మార్చి గేరు మారినట్టు చేస్తుంది. సైకిల్ వెనక గేరుని మధ్యలో పెట్టి, చైన్ ఆ చక్రం మీద నిటారుగా కూర్చునేలా సర్దేస్తే ఇక ముట్టుకోనక్కర్లేదు. కోర్‌కి అది దొరుకుతుంది. 7 స్పీడ్ పేరు జ్విఫ్ట్ కంపెనీ లిస్టులో లేదు, కానీ 7, 8 చైన్లు వెడల్పులో దాదాపు ఒకటే కాబట్టి తమ్ముడి సైకిల్‌కి కూడా నడవాలి. కొనేముందు ఒకసారి పెట్టి చూసుకోండి.

రాజాం_రోడ్డు, రాజాం

ట్రైనర్ గురించి ఇంత చర్చ జరుగుతోంది, ఫ్యాన్ గురించి గట్టు గారు ఒక్క మాట అన్నారు, అంతే. 200 వాట్లతో తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతో నాలుగో వంతో మాత్రమే పెడల్‌కి చేరుతుంది, మిగతాదంతా వేడి. పెడల్‌కి చేరిన ఆ 200 కూడా బ్రేక్ దగ్గర వేడిగానే తేలుతుంది. మొత్తం కలిపితే గదిలో కిలోవాట్ హీటర్ పెట్టుకుని తొక్కినట్టే. మే నెలలో మన తీరం ఉక్కలో తలుపులేసుకుని తొక్కితే చెమట ఆరదు, గుండె వేగం పెరిగిపోతుంది, అదే 180 వాట్లు మార్చిలో హాయిగా అయినవి ఇప్పుడు అవ్వవు. ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడక్కర్లేదు, గాలి లేదంతే. సీలింగ్ ఫ్యాన్ లెక్కలోకి రాదు. పెళ్లిపందిట్లో పెట్టే పెద్ద పెడెస్టల్ ఫ్యాన్ ఛాతీకి ఎదురుగా ఒకటి, కిటికీ దగ్గర గాలి బయటికి తోసేది ఇంకోటి ఉండాలి.

చెమట మాట వచ్చింది కాబట్టి: మన దగ్గర గాలిలోనే ఉప్పుంటుంది, పైనుంచి చెమట. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పండి, అయ్యాక ఫ్రేమూ ట్రైనరూ తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. సముద్రం దగ్గరుండే ఫ్రెండ్ ట్రైనర్లో ఫ్లైవీల్ (లోపల తిరిగే బరువు చక్రం) అంచు చూశా, గోరుతో గీస్తే ఎర్రటి పొడి రాలింది, హెడ్‌సెట్ బోల్ట్ తలకి ఆలెన్ కీ పట్టలేదు.

బొబ్బిలి_వీణ, బొబ్బిలి

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకి ఒక మాట. 2020 లాక్‌డౌన్లో కొన్నవాళ్లు ఇప్పుడు అమ్ముతున్నారు. కానీ ఫొటో చూసి డబ్బులు వెయ్యకండి. విశాఖ దాకా వెళ్లైనా ఎదురుగా తొక్కి చూడండి. చేత్తో తిప్పి వదిలితే గరగర వినపడకూడదు. గట్టిగా లేచి తొక్కితే బెల్ట్ జారినట్టు అనిపించకూడదు. యాప్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎక్కుతోందా, ఒరిజినల్ అడాప్టరేనా, ఇవి చాలు. జ్విఫ్ట్ హబ్ అనే ట్రైనర్ ఎవరైనా చూపిస్తే, దాన్ని 2023లో ఆపేశారు, తెలుసుకుని బేరం ఆడండి.

నాగావళి_గట్టు, శ్రీకాకుళం

అదే అసలు మాట మేడమ్. ఇది పాడైతే ఎవరు చూస్తారు? కోర్ ఒక్కటే 18 కిలోలు, అట్టపెట్టెతో కలిపి ఇంకా ఎక్కువ, సర్వీసు కోసం బెంగళూరుకో ముంబైకో పంపాలంటే కొరియర్ ఖర్చు చూసి ఏడుపొస్తుంది. కాబట్టి వంశధార గారూ, కొనేముందు అమ్మేవాణ్ని రాతపూర్వకంగా అడగండి: ఇండియా వారంటీ ఉందా, బెల్టూ అడాప్టరూ విడిగా అమ్ముతారా, రిపేర్‌కి పంపితే రానుపోను ఖర్చు ఎవరిది. బయటి దేశం నుంచి చుట్టాలతో తెప్పించుకుంటే చవకే, కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. పెట్టె, లోపలి థర్మకోల్ అటక మీద పడేయండి, పాతసామాన్ల వాడికి మాత్రం వేయకండి. పైన రాసిన ఆ మూడు ప్రశ్నలకీ సరైన జవాబిచ్చినవాడి దగ్గర ఏ మోడలుంటే అదే కొనమంటాను నేను, అది కోర్ కాకపోయినా సరే.

వంశధార_రైడర్, శ్రీకాకుళం

అందరికీ థాంక్సండీ. ఇద్దరు డీలర్లకి మెయిల్ పెట్టా, ఒకాయన వారంటీ ఉంటుందిలెండి సార్ అని ఫోన్లో అన్నాడు కానీ రాసివ్వలేదు, రెండో ఆయన అన్నీ రాసిచ్చాడు, బెల్ట్ కూడా విడిగా ఇస్తానన్నాడు. ఆయన దగ్గర కోర్, కాగ్‌తో ఉంది. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టరే కాబట్టి నియో మీద మోజు పక్కన పెట్టేశా. తమ్ముడి చైన్ తీసుకెళ్లి పెట్టి చూద్దామంటే డీలర్ సరేనన్నాడు. స్పైక్ గార్డ్, రబ్బరు మ్యాట్ ఇక్కడే తీసుకుంటా.

పలాస_జీడిపప్పు, పలాస

మంచిది. మరి ఆ పాతది ఏం చేస్తున్నారు? బోర్డు పోయినా రోలర్, ఫ్రేమ్ బాగానే ఉన్నాయి కదా, బేరింగ్ నేను మార్పించుకుంటా. కరెంటు లేకుండా ఊరికే వార్మప్‌కి నాకు చాలు.

వంశధార_రైడర్, శ్రీకాకుళం

అన్నా, మీరు తీసుకెళ్తానంటే ఇచ్చేస్తా, ఆదివారం రండి. జీడిపప్పు ఓ కిలో పట్టుకురండి, లెక్క సరి.

పలాస_జీడిపప్పు, పలాస

గుండా, బద్దా?