బీఫ్ రసం బదులు డబ్బాల్లో ఉన్నవి వేస్తే సరిపోతుందా?

సుబేదారి వంటిల్లు:
మా తమ్ముడి కొడుకు కెనడాలో చదువుతున్నాడు, సెలవులకు హన్మకొండ వచ్చాడు. అక్కడ చలికాలంలో తాగిన ఉల్లిగడ్డ సూప్ కోసం వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నాడు, "అత్తా, ఒక్కసారి చేయవా" అని. అది ఫ్రెంచి వాళ్ల వంట. కిలో ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, వెన్నలో చిన్న మంట మీద గోధుమ రంగు వచ్చేదాకా గోలించి, లీటరున్నర బీఫ్ రసం, అంటే మాంసం, బొక్కలు ఉడికించిన నీళ్లు పోసి మరిగిస్తారు. పైన కాల్చిన బ్రెడ్డు, చీజు. మిగతావన్నీ దొరికాయి, రసం దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో పెద్దకూర వండరు. అత్తమ్మ ఉండే వంటింట్లో ఆ పని చేయలేను.

పోయిన ఆదివారం నీళ్లలో రెండు సూప్ క్యూబులు వేసి చేశాను. ఉప్పు కషాయం అయింది. గంటసేపు పొయ్యి దగ్గర నిలబడి గోలించిన కిలో ఉల్లిగడ్డ పారబోయాల్సి వచ్చింది, నిజంగా ఏడుపొచ్చింది. అత్తమ్మకు బీపీ, ఒక్క చెంచా కూడా పెట్టలేకపోయాను.

అల్మారాలో ఉన్న పప్పులు, మసాలాలు, సాసులతో ఆ రసం చేసే పని చేయించొచ్చా? లేక రసం లేనప్పుడు ఆ వంట జోలికే పోవద్దా? ఇంట్లో రెండు మాటలూ వినిపిస్తున్నాయి. మీరేమంటారు?

మూలుగబొక్క:
అక్కా, నాది రెండో మాటే. రసం అంటే రుచి ఒక్కటే కాదు. నేను మటన్ కొట్టు ఉన్న ఇంట్లో పెరిగాను. కాళ్లు, కీళ్ల బొక్కలు చిన్న మంట మీద ఐదారు గంటలు ఉడికితే వాటిలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు కరిగి జెలటిన్ అనే జిగురు అవుతుంది. ఆ రసం రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున గిన్నె కదిపి చూడండి, జున్నులా వణుకుతుంది. వేడి చేసుకొని తాగితే పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ జిగురు ఏ పప్పులో ఉంది? ఏ సాసులో ఉంది? కొల్లాజెన్ జంతువుల ఒంట్లో తప్ప మొక్కల్లో ఉండదు.

పెద్దకూర వద్దంటే మేక బొక్కలు తెచ్చుకోండి. కుక్కర్‌లో గంటన్నరకు పని అయిపోతుంది. దానికి డబ్బాలు వెతకడం ఎందుకు?

సుబేదారి వంటిల్లు:
తమ్ముడూ, మటన్ తింటాం. కానీ ఆదివారం తప్ప అత్తమ్మ మాంసం ముట్టరు, పిల్లాడేమో గురువారం రాత్రికి రైలెక్కుతున్నాడు. అందుకే డబ్బాల మాట అడిగాను.

కేయూ క్రాస్‌రోడ్డు:
మూలుగబొక్క గారు చెప్పిన జిగురు మాట నిజం, కాదనను. కానీ రసంలో రెండో సంగతి కూడా ఉంది, అది డబ్బాల్లో దొరుకుతుంది. నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1908లో కికునే ఇకెదా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు రసం నుంచి గ్లుటమేట్‌ను వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఆ కమ్మదనానికి మూలం అదే. 1913లో ఆయన శిష్యుడు కొదామా ఎండబెట్టిన చేపలో కమ్మదనమిచ్చే ఇంకో పదార్థం ఇనోసినేట్‌ను గుర్తించారు. మాంసంలో ఉండేదీ ఇదే. తర్వాత ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో అలాంటిదే గ్వానిలేట్ దొరికింది. ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, గ్లుటమేట్‌కు ఈ రెండింట్లో ఏది తోడైనా రుచి కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. బాగా పండిన టమాటాలో, సోయా సాసులో గ్లుటమేట్ ఉంది. పుట్టగొడుగులు ఎండబెట్టినవైతే గ్వానిలేట్ బాగా ఉంటుంది. అంటే టమాటా, ఎండు పుట్టగొడుగులు, చెంచా సోయా సాసు కలిస్తే మాంసం రసం నాలుకకు చెప్పే మాటలో చాలా భాగం ఇవే చెప్పేస్తాయి.

ఇంకో సంగతి. బదులు పెట్టడం ఇప్పుడు పుట్టిన తెలివి కాదు. 1865లోనే లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరుతో కంపెనీ పెట్టి, ఉరుగ్వేలో మాంసం రసాన్ని ముద్దలా ఇగిరించి యూరప్‌కు పంపారు. బీరు తయారీలో మిగిలిన ఈస్టుతో చేసే మార్మైట్ అనే ముద్ద 1902లో వచ్చింది. మ్యాగీ వాళ్ల సూప్ క్యూబు కూడా 1908దే. రసం వండే తీరిక, స్తోమత లేని ఇళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

ఎండు పుట్టగొడుగులు దొరక్కపోతే మామూలు బటన్ పుట్టగొడుగులు సన్నగా తరిగి, నూనె లేకుండా పెనం మీద నీరంతా ఇంకి గోధుమ రంగు వచ్చేదాకా గోలించండి.

మూలుగబొక్క:
సార్, రుచి సంగతి ఒప్పుకుంటాను. మరి రసానికి ఉండే ఒళ్లు, ఆ చిక్కదనం? నీళ్లలో సోయా సాసు వేస్తే రుచి ఉన్న నీళ్లు అవుతాయి కానీ రసం కాదు కదా.

నర్సంపేట చెల్లె:
చైనా గ్రాస్ వేస్తే గడ్డ కడుతుందిగా?

మూలుగబొక్క:
కడుతుంది చెల్లె, కానీ తీరు వేరు. జెలటిన్ నోటి వేడికే కరిగి నాలుక మీద పరుచుకుంటుంది. చైనా గ్రాస్ గడ్డ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. సూప్ చల్లారిందంటే ముక్కలు తేలతాయి. కార్న్‌ఫ్లోర్ వేసినా చిక్కబడుతుంది తప్ప జిగురు రాదు.

ములుగు దారి:
అందరూ జపాన్ దాకా పోయి వచ్చారు, మన అటక మీద డబ్బా ఎవరూ దింపలేదు. ఉలవలు.

మా నాయనమ్మ ఉలవలు ఉడికించే రోజు ఇల్లంతా ఒకే వాసన ఉండేది. పెద్ద సర్వలో నీళ్లు ఎక్కువ పోసి కట్టెల పొయ్యి మీద పొద్దున పెడితే, మధ్యాహ్నానికి ఆ నీళ్లు ఇగిరి, ఎర్రమట్టి వాగు నీళ్ల రంగు నుంచి చిక్కటి చాక్లెట్ రంగుకు వచ్చేవి. గంటె ముంచి ఎత్తితే ఆ కట్టు గంటె వీపుకు అంటుకొని నెమ్మదిగా జారేది. వేలితో గీత గీస్తే గీత అలాగే నిలిచేది. ఉడికిన గింజలు ఎడ్లకు, కట్టు మాకు. అందులో చింతపండు, వెల్లిగడ్డ, ఎండుమిర్చి పోపు పడితే మాంసం కూర లేదన్న దిగులు ఎవరికీ ఉండేది కాదు.

మూలుగబొక్క అన్న అడిగిన ఒళ్లు అందులో ఉంది. జెలటిన్ కాదు, ఒప్పుకుంటాను. ఉలవల్లోని పిండి, మాంసకృత్తులు కలిసి వచ్చిన చిక్కదనం అది. రంగు కూడా దానంతట అదే వస్తుంది. ఉల్లిగడ్డ సూప్‌కు చింతపండు లేకుండా ఆ కట్టు పోసి చూడండి అక్కా. పచ్చి వాసన రాకుండా ముందు ఉలవలను దోరగా వేయించి నానబెట్టండి.

రంగు కోసం ఇంకో మాట. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాట మిర్చి, అదే మనం టమాట మిర్చి అంటామే, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో దానికి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. గింజలు తీసేసి ఒక్క కాయ వేస్తే చాలు, సూప్ కారం కాదు.

పరకాల ఆడబిడ్డ:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. మా ఇంట్లో పెద్దకూర వండుతారు. మా దిక్కు ఆ మాటకు ఎక్కువగా బర్రె, దున్న మాంసమనే అర్థం. కాబట్టి అసలు రసం ఎలా ఉంటుందో తెలిసినదాన్నిగా రెండు మాటలు.

డబ్బాలో ఉండేవి అంటే పప్పులు, సాసులే అనుకుంటున్నారు. మా అవ్వ డబ్బాలో తునకలు ఉండేవి. కూర ఎక్కువ వచ్చిన రోజు పొడుగ్గా, పలచగా కోసి, ఉప్పు పసుపు పట్టించి దండెం మీద ఆరేసేది. కాకులు రాకుండా చూసే పని నాది. నాలుగైదు రోజుల ఎండకు అవి నల్లగా, బెరడులా గట్టిపడేవి. వానకాలంలో పని దొరకని వారాల్లో గుప్పెడు తునకలు నిప్పుల మీద కాల్చి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, నీళ్లు పోసి ఉడికిస్తే, ఆ నీళ్లే రసం. చింతచిగురు పడితే ఇక చెప్పక్కర్లేదు. సీసాల్లో, క్యూబుల్లో వచ్చినవాటి సంగతి సార్ రాశారు. మా వాళ్లు అదే పని ఎండతో చేసుకున్నారు.

మీ ఇంట్లో వండరు, బదులు పెట్టుకోండి, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ వంటల వీడియోల్లో "బీఫ్ వాసన లేకుండా శుభ్రంగా" అనే మాట వింటుంటాను. ఆ మాట దగ్గర మనసు చివుక్కుమంటుంది. మేం తిని పెరిగిన కూర అశుభ్రం కాదు. ఇక్కడ ఎవరూ అలా అనలేదు, అందుకే ఇది రాయగలిగాను.

రుచి మాట అడిగితే: ఉలవ కట్టు దగ్గరికి వస్తుంది కానీ అదే కాదు. పెద్దకూర రసంలో కొవ్వు వాసన ఒకటి ఉంటుంది, చల్లారాక ముక్కుకు తెలుస్తుంది. అది ఏ గింజలోనూ రాదు. ఆ సూప్‌లో వెన్న ఎలాగూ ఉంది కదా, చివర్లో ఇంకో చెంచా వేయండి.

సుబేదారి వంటిల్లు:
చెల్లె, తునకల మాట చదివి ఇద్దరికి వినిపించాను. మా అత్తమ్మ కూడా విన్నారు. "ఎండలో ఆరేసుకునే కష్టం ఎవరిదైనా ఒకటే" అన్నారు. నువ్వు రాసినందుకు సంతోషం.

రాత్రి డ్యూటీ:
నర్సుగా ఒక్క విషయం చెప్పాలి, బీపీ అన్నారు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దంటుంది, అంటే దాదాపు 5 గ్రాముల ఉప్పు. ఒక చిన్న చెంచా సోయా సాసులోనే దాదాపు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. క్యూబులైతే అట్ట వెనక అంకెలు చదవకుండా గిన్నెలో వేయకండి. ఇంకో తప్పు చాలామంది చేస్తారు: మొదట్లోనే ఉప్పు సరిచూస్తారు. సూప్ ఇగిరేకొద్దీ నీళ్లే పోతాయి, ఉప్పు అలాగే ఉంటుంది. మీ మొదటి గిన్నె పాడైంది ఇందుకే అనిపిస్తోంది. దింపే ముందు మాత్రమే రుచి చూసి వేయండి. అత్తమ్మగారి గిన్నె సోయా సాసు వేయకముందే పక్కకు తీయండి.

కాజీపేట పందిరి:
నేను పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకుంటాను. ఇంట్లో ఏం వేసుకున్నా మీ ఇష్టం, బయటివాళ్లకు పెట్టేటప్పుడు మాత్రం ఏం వేశారో చెప్పి తీరాలి. ఒకసారి మా దగ్గర పనిచేసే అబ్బాయి శాకాహారం సూప్‌లో వూస్టర్‌షైర్ సాసు పోశాడు. సంప్రదాయంగా అందులో ఆంకోవీ చేపలు ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. గిన్నె మొత్తం పక్కన పెట్టి, వంట చేయించుకున్న పెద్దమనిషికి చెప్పాను. ఆయన కోప్పడలేదు కానీ ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. సాసు సీసా మీదా, క్యూబు అట్ట మీదా ఆకుపచ్చ చుక్క ఉందో, గోధుమ రంగు త్రికోణం ఉందో చూడటం అప్పటి నుంచి అలవాటైంది. పేరు విషయంలో కూడా అంతే. ఉలవ కట్టు పోసినదాన్ని అసలు ఫ్రెంచి సూప్ అని అమ్మితే అది మోసం.

మూలుగబొక్క:
పందిరి అన్న మాటకు నా ఓటు. ఒక మెట్టు దిగి ఇంకొకటి ఒప్పుకుంటాను: గిలాసెడు రసం మసాలా కూరలో కలిసిపోయే చోట ఉలవ కట్టు పోసినా పట్టుకోలేను. కానీ రసమే వంట అయిన చోట, పాయా లాంటివి, వియత్నాం వాళ్ల ఫో అనే నూడుల్స్ సూప్ లాంటివి, అక్కడ దేన్నీ బదులు పెట్టలేం. ఉల్లిగడ్డ సూప్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. చేసి చెప్పండి అక్కా.

సుబేదారి వంటిల్లు:
బుధవారం రాత్రి చేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పావు కిలో ఉలవలు వేయించి, రాత్రంతా నానబెట్టి, రెండు లీటర్ల నీళ్లలో ఉడికించి వడగట్టాను. ఉల్లిగడ్డలు కిలో, యాభై నిమిషాలు గోలాయి. రెండు టమాటాల గుజ్జు అదే గిన్నెలో నల్లబడేదాకా వేయించాను, బటన్ పుట్టగొడుగులు పెనం మీద విడిగా. ఒక చపాట మిర్చి, బిర్యానీ ఆకు, మిరియాలు. అత్తమ్మ గిన్నె తీశాక రెండు చిన్న చెంచాల సోయా సాసు. చివర్లో వెన్న.

మొదట కట్టు మొత్తం పోశాను, అది పొరపాటు. ఉలవ వాసన ఉల్లిగడ్డను తొక్కేసింది. సగం తీసి, ఆ మేరకు పుట్టగొడుగులు ఉడికించిన నీళ్లు పోశాక రుచి కుదిరింది. రంగు మాత్రం ఫొటోలో ఉన్నట్టే వచ్చింది.

పిల్లాడు మొదటి చెంచా నోట్లో పెట్టుకొని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అత్తా, అక్కడిది పెదవికి అంటుకుంటుంది, ఇది అంటుకోలేదు. కానీ వాసన చూస్తే అక్కడి వంటింట్లో ఉన్నట్టే ఉంది" అన్నాడు. జిగురు విషయంలో మూలుగబొక్క తమ్ముడి మాటే గెలిచింది. అత్తమ్మ మాత్రం బ్రెడ్డు పక్కన పెట్టి, అన్నంలో కలుపుకొని తిన్నారు. ఆ గిన్నెలో ఉప్పు లేదని కూడా అనలేదు.

వంటల నోటుబుక్కులో "ఉలవ కట్టు ఉల్లిగడ్డ సూప్" అని రాసుకున్నాను. ఈసారి వాడు వచ్చినప్పుడు ఆదివారం చూసుకొని, సగం కట్టు, సగం మేక కాళ్ల రసంతో చేస్తాను.

నర్సంపేట చెల్లె:
అక్కా, ఉలవలకు ఎన్ని విజిల్స్ పెట్టారు?

సుబేదారి వంటిల్లు:
పది విజిల్స్ చెల్లె, ఆ తర్వాత చిన్న మంట మీద ఇంకో ఇరవై నిమిషాలు. గింజ వేళ్ల మధ్య నలిగితే చాలు. ఉడికిన గింజలు పారేయకు, మర్నాడు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుడాలు చేశాను.