బేస్‌బాల్‌లో చోటు దక్కకపోతే తర్వాత దారేంటి? తెలిసినవాళ్లు చెప్పండి

నేను వరంగల్ దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. మా దగ్గర జావెలిన్ బాగా విసిరే పదో తరగతి అబ్బాయి ఉన్నాడు. అమెరికాలో బేస్‌బాల్ ఆడిన రింకూ సింగ్, దినేశ్ పటేల్‌ల గురించి చదివినప్పటి నుంచి బేస్‌బాల్ పిచ్చి పట్టింది వాడికి.

వాళ్లిద్దరూ ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన జావెలిన్ ఆటగాళ్లు. 2008లో ఒక టీవీ పోటీలో రింకూ మొదటి, దినేశ్ రెండో స్థానంలో నిలిచి అమెరికా వెళ్లారు, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అక్కడి బేస్‌బాల్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందు బేస్‌బాల్ ఆడింది లేదు! 2009లో చిన్న స్థాయి లీగ్‌లో (మైనర్ లీగ్) పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, రింకూ ఒక మ్యాచ్ గెలిచాడు కూడా. కానీ ఇద్దరిలో ఎవరూ అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్ దాకా చేరలేదు. దినేశ్‌ను 2010లోనే జట్టు వదిలేసింది, ఇండియాకి వచ్చేశాడు. రింకూ ఇంకొన్నేళ్లు ఆడాడు, గాయాలు వెనక్కి లాగాయి. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ అనే రెజ్లింగ్ సంస్థలో చేరి వీర్ మహాన్‌గా పేరు తెచ్చుకున్నాడు.

నా టెన్షన్ దినేశ్ లాంటి వాళ్ల గురించే. రెండేళ్లలో కెరీర్ అయిపోతే చదువు ఎక్కడ మళ్లీ మొదలవుతుంది? మా అబ్బాయి తండ్రి కౌలు రైతు, రెండో అవకాశం కొనిచ్చే స్తోమత లేదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో మైనర్ లీగ్ ఆటగాళ్లను దగ్గరగా చూసినవాళ్లు ఉన్నారా? బయటికొచ్చాక కాలేజీ ఫీజుకు క్లబ్బులు సాయం చేస్తాయా? విదేశీ కుర్రాళ్లకూ అది వర్తిస్తుందా? ఒప్పందంలోనే రాయించుకోవాలా? జావెలిన్ మానకుండా పిచింగ్ నేర్పితే భుజానికి ప్రమాదమా అన్నది కోచ్‌లెవరైనా చెప్పగలిగితే ఇంకా మేలు. ఇంటర్‌లో చేరేలోపు వాళ్ల నాన్నతో కూర్చుని మాట్లాడాలి.