పిటిషన్ టకోమాలో, ఉద్యోగం ఒకినావాలో: చెల్లెలి విడాకుల్లో పెన్షన్ వాటా ఏ ఏడాది నుంచి లెక్క?

ప్రశ్న: శాన్ ఆంటోనియో అక్క

నా చెల్లెలు 2008 నుంచి అమెరికా వైమానిక దళంలో పనిచేస్తోంది. 2009లో లాక్‌లాండ్ వైమానిక స్థావరంలో ఉన్నప్పుడు పరిచయమైన అమ్మాయితో కలిసి ఇక్కడే శాన్ ఆంటోనియోలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేది; అప్పట్లో మాకైనా, పై అధికారులకైనా ఆ అమ్మాయి రూమ్మేట్ మాత్రమే. 2014లో ఇద్దరూ కాలిఫోర్నియాలో చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్నారు. ఆ తరువాత వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా దగ్గరి స్థావరానికి బదిలీ కావడం, 2019లో అక్కడే బాబు పుట్టడం జరిగాయి. కన్నతల్లి మా చెల్లెలి భార్య. రెండేళ్ల క్రితం చెల్లెలు జపాన్‌లోని ఒకినావాకు ఒంటరిగా వెళ్లేనాటికే ఇద్దరి మధ్య అంతా అయిపోయింది గానీ, కాగితం మీద మాత్రం ఏమీ జరగలేదు.

పోయిన నెల ఆ భార్య టకోమాలో విడాకుల పిటిషన్ వేసింది. అందులో పెన్షన్ వాటాను 2009 నుంచి లెక్కకట్టాలని కోరింది. చెల్లెలి స్థిర నివాసం రికార్డుల్లో నేటికీ టెక్ససే. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కనుక చాలామంది సైనికుల్లాగే తానూ దానిని మార్చుకోలేదు. జపాన్‌లో ఉన్న మనిషిపై వాషింగ్టన్ రాష్ట్ర కోర్టుకు అధికారం ఎలా వస్తుంది? ఒకినావాలోనే ఏదైనా కోర్టులో తేల్చుకోవచ్చా? గుంటూరులో అమ్మ చెల్లెలి పేరిట దానపత్రం రాసిన ఫ్లాట్ ఒకటి ఉంది, దాని సంగతి ఏమిటి? అన్నిటికంటే ముఖ్యంగా, బాబుపై చెల్లెలికి హక్కు నిలుస్తుందా?

సమాధానం: ఒలింపియా లాయర్

ముందుగా జపాన్ మాట తేలిగ్గా తేల్చేద్దాం. అక్కడి దేశ చట్టం ఇద్దరు స్త్రీల పెళ్లిని పెళ్లిగా గుర్తించదు కనుక రద్దు చేయడానికి అక్కడ ఏమీ లేదు. వ్యవహారమంతా అమెరికా రాష్ట్ర కోర్టులోనే జరగాలి.

టకోమాలో వేసిన పిటిషన్ చెల్లుతుంది. వాషింగ్టన్‌లో ఇన్ని నెలలు నివసించి ఉండాలన్న నియమం లేదు; దంపతుల్లో ఒకరు ఇక్కడి నివాసి అయితే చాలు, 90 రోజుల నిరీక్షణ తరువాత కోర్టు విడాకులు మంజూరు చేయవచ్చు. అయితే విడాకులు ఇచ్చే అధికారం ఉన్న కోర్టుకు సైనిక పెన్షన్‌ను పంచే అధికారం కూడా ఉంటుందనుకోకండి. మాజీ జీవిత భాగస్వాముల కోసం 1982లో చేసిన ఫెడరల్ చట్టం ప్రకారం, సైనికుని స్థిర నివాసం ఆ రాష్ట్రమైనా కావాలి, పోస్టింగ్ వల్ల కాకుండా వేరే కారణంతో అక్కడ నివసిస్తూనైనా ఉండాలి, లేదా ఆ కోర్టు అధికారానికి తానే సమ్మతించి ఉండాలి. మీ చెల్లెలు టకోమాలో ఉన్నది పోస్టింగ్ మీద, ఇప్పుడు ఉన్నది జపాన్‌లో, స్థిర నివాసం టెక్సస్. కనుక తాను సమ్మతిస్తే తప్ప ఇక్కడి జడ్జి ఆ పెన్షన్ జోలికి వెళ్లలేరు.

చిక్కల్లా ఈ సమ్మతి దగ్గరే ఉంది. ఎవరూ 'నేను సమ్మతిస్తున్నాను' అని రాసి ఇవ్వరు. కోర్టుకు ఎదురు జవాబు దాఖలు చేసి, అందులో పెన్షన్ విషయంలో అధికారం లేదన్న అభ్యంతరం రాయకుండా వదిలేస్తే, దానినే సమ్మతిగా తీసుకుంటారు. బాబు గురించి ఆత్రంగా నాలుగు పేజీలు రాసి, ఈ ఒక్క వాక్యం మరచిపోయిన వాళ్లను చూశాను. మరోవైపు, విధుల కారణంగా హాజరు కాలేనని సైనికుల సివిల్ రక్షణ చట్టం కింద వాయిదా కోరడం సమ్మతి కిందికి రాదని ఆ చట్టమే స్పష్టంగా చెబుతోంది. విధుల వల్ల ఎందుకు రాలేదో, ఎప్పటికి రాగలదో తాను రాసిచ్చి, సెలవు ఇవ్వడం కుదరదని కమాండర్ నుంచి లేఖ జతచేస్తే, కనీసం 90 రోజుల వాయిదా తప్పక వస్తుంది. మొదట ఆ వాయిదా తీసుకుని, జవాబు సంగతి ఆ తరువాత చూసుకోమనండి.

సమాధానం: పాత యూనిఫాం

నేను దళంలో ఉన్నప్పుడు కొన్నేళ్లు లీగల్ కార్యాలయంలో లాయర్లకు సహాయపడే పారాలీగల్‌గా పనిచేశాను. 2009 నుంచి లెక్క అన్న మాట మీదే నేను రాయదలచుకున్నాను, ఎందుకంటే ఇలాంటి జంటల విడాకుల్లో నేటికీ తెగని ముడి అదే.

ఒకప్పుడు ముడి వేరేది. 2011 సెప్టెంబరు 20 దాకా సైనికులు స్వలింగ వివాహం చేసుకుంటే, అదే ఉద్వాసనకు చట్టబద్ధమైన కారణం. ఆ నిషేధం పోయాక కూడా, 2013 జూన్ 26న సుప్రీం కోర్టు విండ్సర్ తీర్పు వెలువడే వరకు ఫెడరల్ ప్రభుత్వం వారిని దంపతులుగా లెక్కించలేదు. ఆ ఏడాది రక్షణ శాఖ ఒక వెసులుబాటు ఇచ్చింది: ఇలాంటి పెళ్లి చెల్లని రాష్ట్రంలో పోస్టింగ్ ఉన్నవారు వేరే రాష్ట్రానికి వెళ్లి పెళ్లి చేసుకురావడానికి సొంత సెలవు తగ్గకుండా ఏడు నుంచి పది రోజులు ఇచ్చేవారు. అలా వెళ్లి చేసుకొచ్చిన పెళ్లిని రద్దు చేసుకోవడానికి మాత్రం తమ రాష్ట్రంలో కోర్టు ఉండేది కాదు. పెళ్లినే గుర్తించని రాష్ట్రం విడాకులు ఎలా ఇస్తుందని 2010లో డల్లాస్ అప్పీలు కోర్టు చేతులెత్తేసింది. మసాచుసెట్స్‌లో పెళ్లి చేసుకున్న ఇద్దరు స్త్రీలకు ఆస్టిన్‌లో కింది కోర్టు ఇచ్చిన విడాకులను టెక్సస్ సుప్రీం కోర్టు 2015 జూన్ 19న నిలబెట్టింది గానీ, ప్రభుత్వం ఆలస్యంగా జోక్యం చేసుకుందన్న సాంకేతిక కారణంతోనే నిలబెట్టింది. సరిగ్గా వారానికి, స్వలింగ వివాహాన్ని దేశమంతటా చట్టబద్ధం చేసిన ఒబర్గెఫెల్ తీర్పు వచ్చి ఆ తలుపు అన్ని రాష్ట్రాల్లోనూ తెరుచుకుంది.

తలుపు తెరుచుకుంది గానీ కేలెండరు మారలేదు. సైనిక చట్టం లెక్కించేది పెళ్లి ధ్రువపత్రం మీది తేదీనే. పదేళ్ల వివాహం పదేళ్ల సర్వీసుతో కలిస్తేనే ప్రభుత్వం వాటాను నేరుగా మాజీ భాగస్వామి ఖాతాకు పంపుతుంది. మీ చెల్లెలి విషయంలో అది నెరవేరింది. ఇరవై ఏళ్ల వివాహం, ఇరవై ఏళ్ల సర్వీసు ఉండి, ఆ రెండూ కలిసి నడిచిన కాలం కూడా ఇరవై ఏళ్లయితేనే సైనిక కుటుంబాల ఆరోగ్య బీమా అయిన ట్రైకేర్ కింద వైద్యం కొనసాగుతుంది. అది వీరికి కుదరదు. విడాకుల తరువాత 60 రోజుల్లో దరఖాస్తు చేస్తే డబ్బు కట్టి 36 నెలల వరకు తాత్కాలిక బీమా తీసుకోవచ్చు, అంతే.

పత్రం లేని ఆ ఐదేళ్లను ఎలా లెక్కలోకి తెస్తారు? టెక్సస్‌లో తంతు లేకుండానే వివాహం అయినట్టు నిరూపించే వీలు ఉంది: దంపతులుగా ఉండాలన్న ఒప్పందం, ఆ రాష్ట్రంలో కాపురం, భార్యాభర్తలమని లోకానికి చెప్పుకోవడం. మొదటి రెండూ ఆమె చూపగలదేమో. మూడోది ఎలా చూపుతుంది? 2009లో నోరు విప్పి చెప్పి ఉంటే మీ చెల్లెలి ఉద్యోగమే పోయేది. నోరు మూసుకోమన్నదీ చట్టమే, నోరు విప్పినట్టు రుజువు చూపమంటున్నదీ చట్టమే. పాత నిషేధం పేరుతో ఇలాంటి వాదనను తోసిపుచ్చరాదని కొలరాడో సుప్రీం కోర్టు 2021లో చెప్పింది గానీ, అది కొలరాడో మాట. నా దృష్టిలో ఆమె కోరిక అన్యాయమైనది కాదు. గెలవడం మాత్రం కష్టం.

మరొక విషయం, ఇది కాస్త ఇబ్బందికరమైనదే అయినా చెప్పక తప్పదు. 2019 జనవరి 1 నుంచి సైనిక న్యాయ నియమాల్లో వివాహేతర సంబంధం అన్న నేరంలోకి స్వలింగ సంబంధాలు కూడా వచ్చాయి. కోర్టు ఉత్తర్వుతో విడిగా ఉంటే అది రక్షణగా పనికివస్తుంది. రెండేళ్లుగా వేర్వేరు దేశాల్లో ఉన్నామన్న మాట పనికిరాదు. చెల్లెలి జీవితంలో ఇప్పుడు మరెవరైనా ఉంటే, ఆ సంగతి ఫోన్ సందేశాల్లో కాకుండా లాయరుతోనే మాట్లాడమనండి.

ప్రశ్నించినవారి జవాబు: శాన్ ఆంటోనియో అక్క

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. చెల్లెలితో మాట్లాడాను. పెళ్లయిన నాటి నుంచి వాటా ఇవ్వడానికి తనకు ఏ అభ్యంతరమూ లేదట, 2009 మాటకే ఒప్పుకోనంటోంది. పెన్షన్ కోసం టెక్సస్‌లో మరో కేసు వేయడం కంటే టకోమాలోనే సమ్మతించి, బాబు విషయం గట్టి చేసుకుంటే పోదా అని అడుగుతోంది.

సమాధానం: ఒలింపియా లాయర్

ఆలోచన మంచిదే, అయితే సమ్మతిని ఊరికే ఇచ్చేయకూడదు. బాబు ఆరు నెలలకు పైగా ఇక్కడే పెరుగుతున్నాడు కనుక సంరక్షణ విషయం తేల్చేది ఎటూ వాషింగ్టన్ కోర్టే. టెక్సస్‌లో కేసు వేసినా ఆ ఒక్కటీ ఇక్కడికే వస్తుంది. అంటే అన్నీ ఒకేచోట ముగియడం ఆమెకూ అవసరమే. పెన్షన్ వాటా 2014లో పెళ్లయిన తేదీ నుంచేనని రాతపూర్వకంగా ఒప్పందం కుదిరాకే సమ్మతి ఇవ్వాలి. పెళ్లికి ముందు కలిసి జీవించిన కాలంలో సంపాదించిన ఆస్తిని కూడా పంచగల సిద్ధాంతం ఒకటి ఈ రాష్ట్రంలో ఉంది, స్వలింగ జంటలకూ అది వర్తిస్తుంది; కనుక షరతు లేని సమ్మతి ఇస్తే 2009 వాదన టెక్సస్‌లో కంటే ఇక్కడే బలపడవచ్చు.

బాబు పుట్టేనాటికి వారు దంపతులు కనుక ఇక్కడి చట్టం మీ చెల్లెలిని తల్లిగానే భావిస్తుంది. జనన ధ్రువపత్రంలో ఇద్దరి పేర్లూ ఉండాలని 2017లో సుప్రీం కోర్టు చెప్పింది కూడా. అయినా ధ్రువపత్రం పరిపాలనా కాగితమే, తీర్పు కాదు. ఒక రాష్ట్రం తీర్పును మరో రాష్ట్రం కాదనలేదు. జార్జియాలో పూర్తయిన దత్తతను అలబామా గుర్తించి తీరాలని 2016లో సుప్రీం కోర్టు తేల్చింది. అందువల్ల విడాకుల డిక్రీలోనే 'ఈ బిడ్డకు ఇద్దరూ చట్టబద్ధమైన తల్లులు' అన్న నిర్ధారణ విడిగా రాయించండి. రేపు ఏ రాష్ట్రానికి బదిలీ అయినా చెల్లెలి చేతిలో ఉండవలసింది ఆ పేజీయే.

చెల్లెలు ప్రాణాలతో ఉన్నంతవరకే పెన్షన్. తరువాతి కాలానికి మాజీ భాగస్వామికి అందే సర్వైవర్ ప్రయోజనం ఒప్పందంలో ఉంటే, ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా దానిని నమోదు చేయించుకోవడం ఆ భార్య లాయరు పని. గడువు దాటితే డిక్రీలో ఉన్నా డబ్బు రాదు.

సమాధానం: హైదరాబాద్ అడ్వొకేట్

భారతదేశం వైపు చేయవలసింది కొద్దిగానే ఉందండీ. 2023 అక్టోబరు 17న మన సుప్రీం కోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది కనుక, ఇక్కడి దృష్టిలో రద్దు కావలసిన పెళ్లే లేదు. ఏ ఫ్యామిలీ కోర్టుకూ వెళ్లనక్కరలేదు. గుంటూరు ఫ్లాట్ యాజమాన్యాన్ని అమెరికా కోర్టు డిక్రీ తనంతట తానుగా మార్చలేదు. అమ్మగారు రిజిస్టర్ చేసిన దానపత్రం సర్టిఫైడ్ నకలు ఒకటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తీసి ఉంచుకోండి.

సమాధానం: ఒలింపియా లాయర్

ఆ నకలును ఇంగ్లిషు అనువాదంతో సహా ఇక్కడి ఆస్తుల ప్రకటనకు జతచేయండి, ఫ్లాట్‌ను మాత్రం దాచవద్దు. దానంగా వచ్చిన సొంత ఆస్తిని టెక్సస్ జడ్జి ముట్టుకోలేరు. వాషింగ్టన్ జడ్జి దానిని కూడా దృష్టిలో పెట్టుకుని మిగతా ఆస్తిని పంచగలరు. సమ్మతికి ముందు కుదుర్చుకునే ఒప్పందంలో దీనికీ ఒక వాక్యం ఉండాలి.