అమెరికా కంట్రీ (పల్లె బాణీ) గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ కదలకుండా పాడితే స్టేడియాలు ఎలా నిండుతున్నాయి?

చరణం_తర్వాత:
ఇంకో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ అయితే 1993లో టెక్సస్ స్టేడియంలో తాళ్ళు కట్టుకుని జనం నెత్తి మీద ఎగిరాడు. స్ట్రెయిట్ వీడియోలు చూస్తే టోపీ, గిటారు, ఓ చిరునవ్వు, అంతే. అయినా 2024 జూన్ 15న టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్ ఊళ్ళో కైల్ ఫీల్డ్ స్టేడియానికి 1,10,905 మంది వచ్చారు! లైవ్‌లో ఈయన దగ్గర అంతగా ఏముంది? ఇంకో డౌటు: ఫ్యాన్స్ 60 నంబర్ వన్‌లు అంటారు, బిల్‌బోర్డ్ (పాటల ర్యాంకులు ఇచ్చే అమెరికా పత్రిక)లో చూస్తే 44. ఏది కరెక్టు?

చార్టుబుర్ర:
రెండోది ముందు తేల్చేద్దాం, చిన్నదే. రెండూ కరెక్టే. 44 అనేది ఒక్క బిల్‌బోర్డ్ కంట్రీ పాటల చార్టు లెక్క. రేడియోలో పాటలు ఎన్నిసార్లు వేశారో లెక్కగట్టే మిగతా ట్రేడ్ చార్టుల్లో పైకొచ్చినవి కూడా కలిపితే 60. బిల్‌బోర్డ్ లెక్క 2009లోనే 44 దగ్గర ఆగింది, 60వ నంబర్ వన్ కోసం ప్రచారం నడిచింది 2013లో. తక్కువ అంకె తీసుకున్నా పాత కంట్రీ గాయకుడు కాన్వే ట్విట్టీకి ఉన్న 40ని స్ట్రెయిట్ దాటేశాడు కాబట్టి దీనిమీద కొట్టుకోవడం దండగ. తమాషా ఏంటంటే, జనమంతా గొంతు కలిపే ఈయన పాట 'అమరిల్లో బై మార్నింగ్' బిల్‌బోర్డ్‌లో 4 దాటి పైకి రాలేదు.

నాలుగోమైకు:
కదలడు అనడం సగమే నిజం అండీ. పెద్ద షోలలో స్టేజి గ్రౌండ్ మధ్యలో ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు మైకులు. ఒక మైకు దగ్గర మామూలుగా రెండు పాటలు పాడి పక్క మూలకి నడుస్తాడు. అంటే ఎనిమిది పాటలకి ఓ చుట్టు. జనం తీసిన వీడియోల్లో చాలావరకు వీపే కనిపించేది ఇందుకే.

టికెట్ కొనేవాళ్ళకి ఇది ముఖ్యం. స్టేజి మూలకి సూటిగా ఉన్న సీటుకి రెండు పాటలు నిండుగా ముఖం, తర్వాత చాలాసేపు పక్క, వీపు. స్టేజి అంచు మధ్యకి ఎదురుగా కూర్చుంటే రెండు మూలల్లోనూ ఏటవాలుగా కనిపిస్తాడు, అంటే నాలుగు పాటలు. నా ఓటు దీనికే. మరీ పైకి వెళ్తే ఇంకో చిక్కు: శబ్దం 100 మీటర్లు రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. స్క్రీన్ మీద పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వినిపిస్తుంది. అది సౌండ్ వాళ్ళ తప్పు కాదు.

ఇంత జనం పట్టడానికీ ఈ ఏర్పాటే సగం కారణం. స్టేజి ఒక చివర వేస్తే దాని వెనక సీట్లన్నీ ఖాళీ. మధ్యలో వేస్తే చుట్టూ అమ్ముకోవచ్చు. 2014 జూన్ 7న టెక్సస్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో 1,04,793 మంది పట్టిందీ అలాగే.

స్టీల్‌గిటారు_పిచ్చి:
స్టేజి సంగతి సరే, అసలు బలం బ్యాండు. ఈయన బ్యాండు ఏస్ ఇన్ ద హోల్ 1975లో టెక్సస్‌లోని శాన్ మార్కస్‌లో మొదలైంది, స్టీల్ గిటారు (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించేది) వాయించే మైక్ డెయిలీ అప్పటి నుంచీ ఉన్నవాడు. ఆల్బమ్‌లలో ఎక్కువగా వాయించేది నాష్‌విల్ సెషన్ వాళ్ళు, అంటే స్టూడియో రికార్డింగులకి పిలిపించే వాద్యకారులు. అందుకే లైవ్‌లో అదే పాట కాస్త వదులుగా, డ్యాన్స్ హాల్ నడకతో వస్తుంది.

ఈయన పాట 'ద చెయిర్' తీసుకోండి. దానికి పల్లవే లేదు. బార్‌లో ఒకతను ఒకామెతో మాట కలపడం, మొదటి నుంచి చివరిదాకా అదే. ఆ పాట పాడుతూ స్టేజంతా పరిగెత్తితే ఏం మిగులుతుంది చెప్పండి? ఈయన లైను చివరి మాటని గట్టిగా నొక్కకుండా వదిలేస్తాడు, ఆ సందులోకి స్టీల్ జారుకుంటూ వస్తుంది.

లోపం లేదనను. పైకప్పు ఉన్న స్టేడియంలో దూరపు గోడ నుంచి ప్రతిధ్వని అర సెకను పైన ఆలస్యంగా తిరిగొస్తుంది. నెమ్మది పాటలు తట్టుకుంటాయి గానీ, స్వింగ్ పాటల్లో ఫిడిల్ వేగంగా వాయించే చోట ముద్దయిపోతుంది.

టాటా_2014:
2014లో వీడ్కోలు టూర్ అని టికెట్లు అమ్మి, 2016కల్లా లాస్ వేగస్‌లో మళ్ళీ షోలా? దీన్నేమంటారు?

చార్టుబుర్ర:
ఆపింది ఊరూరా తిరిగే టూర్ని అండీ. ఏడాదికి కొన్ని షోలు చేయనని ఎక్కడా అనలేదు. పోస్టర్ చూసి అందరూ రిటైర్మెంట్ అనుకున్నారు, ఆ అనుకోవడం వల్ల టికెట్లు ఇంకా బాగా పోయాయన్నది మాత్రం ఒప్పుకుంటా.

చరణం_తర్వాత:
థాంక్సండీ. సీటు సంగతి నోట్ చేసుకున్నా. వినడానికి ఏ లైవ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

స్టీల్‌గిటారు_పిచ్చి:
2003లో వచ్చిన ఆస్ట్రోడోమ్ ఆల్బమ్. ఆస్ట్రోడోమ్ అంటే హ్యూస్టన్‌లోని స్టేడియం. అక్కడ హ్యూస్టన్ రోడియో (కౌబాయ్ పోటీల పండగ) జరిగిన చివరి ఏడాది, 2002లో రికార్డు చేసింది. 2014 ఏటీ అండ్ టీ ఆల్బమ్‌లో అతిథులు ఎక్కువ, ఈయన గొంతు పంచుకోవాల్సి వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి పాట వదిలేసి స్టీల్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి.