వేప కొసల నుంచి ఎండుతుంది, కొట్టేయాల్నా ఆగాల్నా?

పెరటి_వేప: ఇరవై ఏండ్ల చెట్టు, హన్మకొండల. దసరా దాటినంక కొసలు మాడినట్టయినయ్. ఆకు రాలుతలేదు, ఎర్రగ ఎండి రెమ్మకే వేలాడుతుంది. గోడ దిక్కు పెద్ద కొమ్మ మాత్రం పూర్తిగ బోడి. పోయిన ఎండాకాలం ఆ దిక్కే గచ్చు పోసినం. పైనుంచి కరెంటు తీగ, పది అడుగుల దూరంల బోరు. ఇది రోగమా, గచ్చు వల్లనా? మందు ఏది, ఎంత? కొట్టాలంటే పర్మిషన్ కావాల్నా? కోళ్లు చెట్టు కిందనే తిరుగుతయ్, మందు పోస్తే వాటికేమన్న అయితదా?

మిర్చి_ట్యాంకు: 2021 నుంచి జిల్లా అంతా వేపలకు ఇదే కొమ్మ ఎండు తెగులు గదా. మందు మూడు విడతలు. ముందు కార్బెండజిమ్ 50 శాతం పొడి లీటరుకు రెండున్నర గ్రాములు, వేర్లకు. వారం ఆగి థయోఫానేట్ మిథైల్ 70 శాతం లీటరుకు 2 గ్రాములు, కొమ్మల మీద. ఇంకో ఇరవై రోజులకు ప్రొఫెనోఫాస్ లీటరుకు 3 మిల్లీలీటర్లు. 16 లీటర్ల ట్యాంకు లెక్కన 40 గ్రాములు, 32 గ్రాములు, 48 మిల్లీలీటర్లు. మూడూ ఒకటే బకెట్ల కలిపి పోయకు.

చల్క_నేల: మందు పేరు తర్వాత, ముందు చాకు తియ్యి. ఎండిన కొస నుంచి మొదలుపెట్టి జానెడుకోసారి బెరడు గీకుకుంట కిందికి రా. గోధుమ రంగుంటే చచ్చింది, తడిగ పచ్చగ కనబడ్డ కాడ బతికుంది. పచ్చ దొరికే చోటు మూరెడు లోపలే, అది కూడ చెట్టు నలుదిక్కుల అట్లనే ఉంటే కొసల రోగం. ఒక్క కొమ్మ మొదటి దాక గోధుమగుంటే వేరు కాడనే దెబ్బ తిన్నది, గచ్చు పనే. నువ్వు రాసింది చూస్తే రెండూ ఉన్నట్టున్నయ్.

గచ్చు మొదలుకు ఆనుకోని ఉంటే కనీసం మూడు అడుగుల చుట్టు పగలగొట్టు. గచ్చు కింద మొరం పోసి దిమ్మిస గొట్టింటరు, అది కూడ తీసి పాత మట్టి తేలేదాక తవ్వాలె. వేరుకు నీళ్లకంటె ముందు గాలి కావాలె.

అగ్రి_బీయస్సీ: వ్యవసాయశాస్త్రం చదివినవాడిగా చెప్తున్నాను. ఇది ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంద్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. దానికి దారి తీసేది టీ దోమ అనే పురుగు. లేత చివుళ్లలో రసం పీలుస్తుంది, కుట్టినచోట గోధుమ మచ్చ పడి చిన్న బంక చుక్క కారుతుంది, ఆ గాయంలోంచి శిలీంద్రం దిగుతుంది. అందుకే కార్బెండజిమ్, థయోఫానేట్ మిథైల్ తెగులుకు, ప్రొఫెనోఫాస్ పురుగుకు. కార్బెండజిమ్ వేరు పీల్చుకుంటే నీళ్లతో పాటు కొసలదాకా ఎక్కుతుంది. కాబట్టి మొదలు చుట్టూ ఓ ఇరవై లీటర్లు పోయండి, చాలు. అందరూ డాక్టర్లయితే ఇంతే సంగతులు.

చల్క_నేల: ఎక్కుతది సారూ, కాదనలే. ఏ వేరు పీలుస్తది? మొదలు కాడ ఉన్నయి తొడ లావు వేర్లు, అవి చెట్టును నిలబెట్టెటందుకు. నీళ్లు తాగే సన్న వేర్లు కొమ్మల నీడ అంచు కాడ ఉంటయ్. బోదె కాడ పోసిన మందు బోదె కాడనే ఇంకుతది.

అగ్రి_బీయస్సీ: ప్రతి కరపత్రంలో మొదలు దగ్గరే అని ఉంటుంది. మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

చల్క_నేల: కరపత్రం రాసెటాయన ఒక్క ముక్కల రాస్తడు, చెట్టు కింద నిలబడి తవ్వెటాయనకు తెలుస్తది. మొదలు నుంచి మూడడుగులు విడిచి, నీడ అంచు దాక గడ్డపారతోని అడుగు లోతు బొందలు, రెండడుగులకొకటి. బొందకు రెండు లీటర్లు. ముందు రోజు సాయంత్రం నేల తడిపి ఉంచాలె. ఎండిన చల్కల, అంటే ఎర్ర ఇసుక నేలల పోస్తే సర్రున కిందికి పోతది, వేరుకు అందది. బోరు దిక్కు మాత్రం బొంద పెట్టొద్దు, కేసింగు పక్క నుంచి మందు దిగితే తాగే నీళ్లల్లకే పోతది.

రేగడి_మనిషి: ఇద్దరూ ఆగుండ్రి. చల్కల చెల్లింది రేగడిల చెల్లదు. రేగడిల వానకాలం బొంద పెడితే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతది. ముసురు ఆగినంకనే పెట్టాలె.

మిర్చి_ట్యాంకు: నలభై అడుగుల చెట్టుకు ట్యాంకు మూతిల నుంచి మందు పైకి పోతదా, అది జెప్పుండ్రి ముందు. చేతిపంపు ఇరవై అడుగులు దాటది. పవర్ స్ప్రేయర్, పొడుగు గన్ను కావాలె. లేకుంటే వేరుకు పోసుడు ఒక్కటే దారి.

పరకాల_మామిడి: మా మామిడి బోదెకు బంక కారుతుంది, కింద రంపపు పొట్టు పడుతుంది. ఇది కూడ ఇదే తెగులా? యూరియా రెండు కిలోలు వేసిన, తగ్గలే.

చల్క_నేల: యూరియా ఎందుకేసినవ్ తమ్మీ! చావొచ్చిన వేరుకు యూరియా పోస్తే కాలుతది. బతికితే లేత చివుళ్లు గుప్పున తోస్తది, రసం పీల్చే పురుగుకు అవే కావాలె. వేపకైనా మామిడికైనా ఎండుతున్నప్పుడు యూరియా వద్దు. మాగిన పశువుల ఎరువు చాలు.

రంపం_పట్టు: పొట్టు పడుతుందంటే కాండం తొలిచే పురుగు, వేప తెగులు కాదు. బంక ఎక్కడుందో గీకి చూడు, రంధ్రం దొరుకుతది. సైకిల్ చువ్వ వంచి లోపలికి పోనిచ్చి లాగు. పురుగు దొరికితే సగం పని అయింది. పెట్రోల్ల ముంచిన దూది కుక్కి బంకమట్టితోని మూతి మూయి. నాలుగు రోజులకు మళ్ల కొత్త పొట్టు పడితే ఇంకో రంధ్రం ఉన్నట్టు.

మిర్చి_ట్యాంకు: పెట్రోలెందుకు, డైక్లోర్వాస్ దూది అయితే తెల్లారేసరికి చస్తది.

రంపం_పట్టు: డైక్లోర్వాస్ 2020 డిసెంబర్ 31 నుంచి బంద్ అన్నా. ఇప్పుడు దుకాణంల దొరికితే అది పాత సరుకన్నా కావాలె, దొంగ సరుకన్నా కావాలె.

వేప సంగతికొస్తే, పచ్చ దొరికిన కాడికి ఇంకో అర అడుగు కిందికి కొయ్యాలె. కొమ్మ లావుంటే ముందు అడుగు అవతల కింది దిక్కు సగం రంపం, తర్వాత పై దిక్కు. లేకుంటే బరువుకు విరిగి బోదె బెరడంత చీల్చుకుంట పోతది. ఒక్కో కోతకు రంపాన్ని స్పిరిటుతోని తుడువు. కోసిన కట్టెను అక్కడనే కుప్ప పెట్టకు, కాలబెట్టు.

పచ్చి_సున్నం: కోసిన చోట పేడ పూస్తరు కొందరు. పేడ కాదు, బోర్డో ముద్ద. ఇంటికి లీటరు చాలు: మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్లల్ల, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరుల. రెండూ ప్లాస్టిక్ బకెట్లల్లనే, ఇనుపది రేకుది వద్దు. మైలుతుత్తం స్ఫటికాలు రాత్రి బట్టల మూటగట్టి నీళ్లల్ల వేలాడదీస్తే పొద్దటికి కరుగుతయ్. సున్నం వడగట్టాలె. తుత్తం నీళ్లను సున్నంల సన్నగ పోసుకుంట కర్రతోని కలపాలె, తిరగేసి కాదు. ఆకాశం రంగు రావాలె. గీకి మెరిసేటట్టు చేసిన ఇనుప చాకును ఒక నిమిషం ముంచు. ఎర్రటి పూత అంటితే తుత్తం ఎక్కువున్నట్టు, ఇంకింత సున్నం పడాలె. అంటకుంటే పుయ్యి. ఆ రోజుదారోజే వాడాలె, మర్నాటికి పనికిరాదు.

అగ్రి_బీయస్సీ: బోర్డోతో కార్బెండజిమ్ కలపకూడదు, సున్నం క్షారానికి పాడవుతుంది. ఇది ఎవరూ రాయలేదు.

పచ్చి_సున్నం: కలపమని ఎవరన్నరు సార్? కోతకు పూసేది ఒకటి, వేరుకు పోసేది ఇంకోటి.

ఉగాది_పువ్వు: ఫిబ్రవరి దాటినంక ప్రొఫెనోఫాస్ జోలికి పోవద్దు. పూతకు తేనెటీగలొస్తయ్, అదే పువ్వు పచ్చట్ల పడుతది. బోనాలకు మండలు తెంపే చెట్టయితే పక్కింటోళ్లకు కూడ ముందుగాల్నే చెప్పి పెట్టాలె. ఇంకొకటి, ఫిబ్రవరి, మార్చి నెలలల్ల వేప మామూలుగనే ఆకు రాలుస్తది. పసుపై రాలితే అది దాని అలవాటు. ఎర్రగ అంటుకోని ఉంటేనే భయం.

రంపం_పట్టు: కొట్టుడు సంగతి. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 ఉంది, సొంత జాగల చెట్టయినా అనుమతి లేకుండ మొదలుకు నరకొద్దు. అసలు ఇప్పుడు నరకవలసిన పనే లేదు. ఎండిన వేపల్ల చానా వరకు ఎండాకాలం ముందర మళ్ల చిగురిస్తయ్. మొదలు కాడ బిళ్లల లెక్క గట్టి పుట్టగొడుగు మొలిచిందా చూడు. అది ఉంటే వేరు కుళ్లుతున్నట్టు, గాలికి పడే చెట్టది. అప్పుడు ఆలస్యం చేయొద్దు. తీగ పక్క కొమ్మ మాత్రం లైన్‌మన్‌ను పిలిచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగల కరెంటు బంద్ చేసి పనికిచ్చే అనుమతి) తీసుకున్నంకనే. తీగల కరెంటు బంద్ అయిందని ఆయన నోటితోని చెప్పేదాక నిచ్చెన ఎక్కొద్దు.

పరకాల_మామిడి: చువ్వకు పురుగు దొరికింది. వేలంత ఉంది, తెల్లగ. ఇంకా రెండు రంధ్రాలున్నయ్.

పెరటి_వేప: గీకి చూసిన. మూడు దిక్కుల జానెడు లోపలే పచ్చ. గోడ దిక్కు కొమ్మ చీలిక దాక గోధుమ. పుట్టగొడుగు లేదు. గచ్చు రేపు పగలగొడుతున్న. కోళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలే.

ఉగాది_పువ్వు: ప్రొఫెనోఫాస్ కొట్టే రోజు పొద్దుగాల్నే గంప కింద మూయి, ఇంకో చోట. చెట్టు మీద నుంచి రాలిన పురుగును ఏరుకొని తింటే కోడి చస్తది. రాలిన ఆకును రోజూ ఊడ్చి బొందల పూడ్చు, ఒక వారం ఆ నీడకు పోనియ్యకు. బొందల మందు పోసినంక కూడ మట్టి కప్పు, లేకుంటే కాళ్లతోని కెలుకుతయ్. నీళ్ల గిన్నె ఇప్పుడే అక్కడి నుంచి తియ్యి.