పిత్తాశయంలో రాళ్లకు వాడే మందు వల్ల ఎముకలు పలచబడతాయా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నివాసి

మా అమ్మగారికి 63 ఏళ్లు. నిరుడు కడుపు స్కానింగు తీయిస్తే పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్లు ఉన్నాయని, వాటిలో పెద్దది 7 మిల్లీమీటర్లని తేలింది. ఆపరేషనుకు ఆమె ససేమిరా అనడంతో, ఉదరకోశ వ్యాధుల డాక్టరు గారు ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం 300 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, అంటే ప్యాంటోప్రజోల్, అంతకు ముందు నుంచే నడుస్తోంది. అది ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఈ మధ్య మా వీధిలో పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో అమ్మ మడమను ఒక చిన్న యంత్రంలో ఉంచి పరీక్షించి, టీ-స్కోరు (ఎముకల గట్టిదనాన్ని ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.7 వచ్చిందనీ, ఎముకలు గుల్లబారాయనీ చీటీ రాసిచ్చారు. ఉర్సో మాత్రలు వాడేవారిలో ఎముకలు పలచబడతాయని ఎవరో ఆమె ఫోనుకు పంపారు. అది చదివిన నాటి నుంచి ఆ మాత్ర ముట్టనంటున్నారు. రాళ్లు పెరుగుతాయన్న భయంతో పాలు, పెరుగు, గుడ్డు ఎప్పుడో మానేశారు. కూరలో నూనె చుక్క కూడా పడనివ్వరు. రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో నడుస్తారు కనుక ఎండకు లోటు లేదనే అనుకుంటున్నాను. ఈ మందుకూ ఎముకలకూ నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఆపేయాలా?

సమాధానం: విశ్రాంత ఫార్మసిస్టు, మహారాణిపేట

ఉర్సో మాత్రకు తెలిసిన దుష్ప్రభావాల్లో ప్రధానమైనది విరేచనాలు కావడం. కొందరికి కడుపులో ఇబ్బంది, దద్దుర్లు రావచ్చు. అరుదుగా రాయికి సున్నం పట్టి, ఇక కరగకుండా పోతుంది. ఎముకలు పలచబడటం ఆ జాబితాలో లేదు. కాలేయం నుంచి పైత్యరసంలోకి చేరే కొలెస్ట్రాల్‌ను తగ్గించి, కొలెస్ట్రాల్ రాళ్లు నెమ్మదిగా కరిగేలా చేయడమే దాని పని.

మరి ఆ మాట ఎలా పుట్టిందంటే, ఇదే మాత్రను ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అనే కాలేయ జబ్బుకూ రాస్తారు. ఆ జబ్బు ఎక్కువగా నడివయసు దాటిన ఆడవారికి వస్తుంది, అందులో ఎముకలు గుల్లబారడం సర్వసాధారణం. మాత్ర వేసుకునేవారిలో ఎముకలు బలహీనంగా కనబడుతున్నాయి కనుక మాత్రే కారణమని చదివేవారు అనుకుంటారు, కానీ ఎముకలను దెబ్బతీసేది అక్కడున్న జబ్బు.

మీరు రాసినదాంట్లో నాకు ముల్లులా గుచ్చుకున్నది ఆ గ్యాస్ మాత్ర. ప్యాంటోప్రజోల్ కుటుంబానికి చెందిన మందులను ఎక్కువ మోతాదులో, ఏళ్ల తరబడి వాడేవారికి తుంటి, మణికట్టు, వెన్నుపూస విరిగే ప్రమాదం పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే హెచ్చరించింది. మన దుకాణాల్లో మాత్రం అది పిప్పరమెంటు బిళ్లల్లా అమ్ముడవుతుంది; మొదలుపెట్టిన డాక్టరును రోగి మళ్లీ కలవకపోయినా చీటీ మాత్రం పాతదే తిరుగుతూ ఉంటుంది.

సమాధానం: గాజువాక నుంచి ఒక రోగి

పైన చెప్పిన కాలేయ జబ్బు నాకుంది, అందుకే రాస్తున్నాను. ఒళ్లంతా దురదగా ఉంటే నాకు కొలెస్టిరమిన్ అనే పొడి ఇచ్చారు. అది పేగుల్లో పైత్యరస ఆమ్లాలను పట్టేసుకుంటుంది, దానితోపాటు కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టడమూ తగ్గుతుంది. దీర్ఘకాలం వాడితే డి విటమిన్ తగ్గి ఎముకలు మెత్తబడే అవకాశం ఉందని మా డాక్టరమ్మ ముందే హెచ్చరించి, డి విటమిన్ పరీక్ష చేయిస్తూ వచ్చారు. పైగా ఆ పొడి ఉర్సో మాత్రనూ పట్టేసుకుంటుంది కనుక రెంటికీ నడుమ కొన్ని గంటల తేడా ఉండాలి. మీ అమ్మగారి చీటీలో అలాంటి పొడి ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి.

సమాధానం: జనరల్ మెడిసిన్ వైద్యురాలు, సీతమ్మధార

ముందు ఆ చీటీ సంగతి. మడమ మీద అల్ట్రాసౌండుతో చేసేది జల్లెడ పట్టే పరీక్షే తప్ప నిర్ధారణ కాదు. నడుము, తుంటి భాగాలకు డెక్సా స్కాన్, అంటే ఎక్స్‌రేతో ఎముకల సాంద్రతను కొలిచే పరీక్ష, తీయించాలి. అందులో టీ-స్కోరు మైనస్ 1 కంటే తగ్గి మైనస్ 2.5కు పైన ఉంటే ఎముకలు పలచబడుతున్నాయనీ, మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే గుల్లబారాయనీ అంటాం. మడమ యంత్రం ఇచ్చిన అంకెను ఈ కొలబద్దతో చదవకూడదు.

రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, డి విటమిన్, క్రియాటినిన్, థైరాయిడ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూపించండి. ఈ చివరిది ఒక ఎంజైము, కాలేయం నుంచీ వస్తుంది, ఎముక నుంచీ వస్తుంది. అది పెరిగి ఉంటే జీజీటీ అనే కాలేయ ఎంజైము పరీక్ష కూడా చేయిస్తే మూలం ఎక్కడో కొంత తెలుస్తుంది. స్టిరాయిడ్లు ఎప్పుడైనా వాడారా, నెలసరి ఏ వయసులో ఆగింది, చిన్నపాటి జారుడుకే ఎముక విరిగిన సందర్భం ఉందా అన్నవి కూడా వైద్యులకు చెప్పాలి. నెలసరి ఆగిన తర్వాతి ఏళ్లలో ఆడవారి ఎముకలు వేగంగా పలచబడతాయి కనుక, ఈ వయసులో మరే మందూ లేకపోయినా ఇలాంటి ఫలితం రావచ్చు.

పాలు, పెరుగు మానడం మాత్రం రెండు విధాలా నష్టమే. తిన్న కాల్షియం పిత్తాశయంలో రాయిగా మారదు. కిడ్నీ రాళ్ల గురించి జనం చెప్పుకునే భయాన్ని ఇక్కడికి తెచ్చి తగిలిస్తున్నారు, నిజానికి కిడ్నీ రాళ్లవారికి కూడా పాలు, పెరుగు పూర్తిగా మానమని మేము చెప్పం. కొవ్వు అసలే తగలకపోతే పిత్తాశయం సరిగా ముడుచుకోక పైత్యరసం నిలవ ఉండిపోతుంది, రాళ్లకు అదే అనుకూలం. వేపుళ్లు తగ్గిస్తే చాలు. వెన్న తీసిన పాల పెరుగు, చోడి (రాగి) అంబలి, ముల్లుతో సహా నమిలి తినగలిగితే నెత్తళ్ల కూర ఆమెకు మేలు చేస్తాయి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆమె వయసువారికి రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములు కావాలి.

ఇక తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడక గుండెకూ కాళ్లకూ మంచిదే, కానీ ఆ వేళ ఎండలో డి విటమిన్ తయారుచేసే అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. మధ్యాహ్నానికి దగ్గరగా డాబా మీద కాసేపు చేతులకు, ముఖానికి ఎండ తగలనివ్వాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చీటీ చూశాను, కొలెస్టిరమిన్ లేదు. డెక్సాలో నడుము దగ్గర మైనస్ 2.2, తుంటి దగ్గర మైనస్ 1.8 వచ్చాయి, డి విటమిన్ బాగా తక్కువగా ఉంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉంది. వారానికి ఒకసారి వేసుకునే డి విటమిన్ మందు రాశారు. ఉర్సో ఆపనక్కర్లేదన్నారు. గ్యాస్ మాత్రను రేపటి నుంచే మానేయమని అమ్మతో చెప్పనా?

సమాధానం: విశ్రాంత ఫార్మసిస్టు, మహారాణిపేట

ఒక్కసారిగా మానవద్దండి. ఏళ్లుగా వాడినవారు హఠాత్తుగా ఆపితే కడుపులో ఆమ్లం విజృంభించి మంట ముందుకన్నా ఎక్కువగా వస్తుంది, అప్పుడు మళ్లీ ఆ మాత్రే శరణ్యమని నమ్ముతారు. ఆమె గుండెకు ఆస్పిరిన్ గానీ, మోకాళ్లకు నొప్పి మాత్రలు గానీ వాడుతుంటే కడుపును కాపాడటానికి గ్యాస్ మాత్ర అవసరమే కావచ్చు. అందుకే తగ్గించాలా, ఎలా తగ్గించాలి అన్నది డాక్టరు గారినే అడగండి. కాల్షియం మాత్ర రాస్తే, గ్యాస్ మాత్ర నడుస్తున్నంత కాలం కార్బొనేటు కన్నా సిట్రేటు రకం బాగా ఒంటికి పడుతుందని గుర్తుచేయండి. మంటకు తెల్లటి సిరప్ ఏదైనా తాగితే, అందులో అల్యూమినియం ఉంటే ఉర్సోను అడ్డుకుంటుంది కనుక రెండూ ఒకే వేళ వేసుకోకూడదు.

మరొకటి, రాళ్లకు మాత్రలు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది కదా, మళ్లీ స్కానింగు తీయించారా? రాళ్లు ఏ మాత్రం తగ్గకపోతే ఈ మందు కొనసాగించి లాభం లేదు. కరిగినా ఆపిన తర్వాత అయిదేళ్లలో సగం మంది వరకు మళ్లీ రాళ్లు వస్తాయి. కుడి డొక్కలో నొప్పి తరచుగా వస్తుంటే ఆపరేషను మాట మళ్లీ ఎత్తక తప్పదు.